గడపకి బిరడా

మొన్న బాపట్లలో ఒక శానిటరీ కొట్టుకి వెళ్ళాను. మా స్నానాలగదిలో జాలీ విరిగిపోయింది, ఇంకోటి కొందామని. కొట్టతను జాలీ ఇచ్చి ఊరుకోకుండా లోపల్నించి ఒక ప్లాస్టిక్ వస్తువు తెచ్చి నా చేతిలో పెట్టాడు. జానెడు గొట్టం, దాని మధ్యలో వేలాడుతూ ఒక పలచటి మూత.

"ఇది కూడా పెట్టించుకోండి మేడం. మన నీళ్ళు బయటికి పోతాయి. కాలవ నిండి వెనక్కి తన్నిందనుకోండి, ఈ మూత దానంతటదే మూసుకుపోద్ది. ఇంక మురుగు ఇంట్లోకి రాదండి. పాత ఇళ్ళవాళ్ళంతా ఇదే పట్టుకెళ్తన్నారు" అన్నాడు.

వేలితో ఆ మూతని అటూ ఇటూ తోసి చూశాను. బయటికి తెరుచుకుంది, లోపలికి ససేమిరా అంది. ఒక మనిషి ఉన్నన్నాళ్ళూ పాత చీరల పేలికలతో చేసిన పనిని ఎవరో ఇంత చిన్న గొట్టంలో పెట్టేసి అమ్ముతున్నారు. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. ఆవిడ బతికుండగా ఈ ముక్క ఎక్కడ చచ్చింది అనిపించింది. మళ్ళీ అంతలోనే, ఇది ఉన్నా ఆవిడకి ఒరిగేదేమీ లేదని గుర్తొచ్చింది. దాన్ని బల్లమీదే వదిలేసి, జాలీ పట్టుకుని వచ్చేశాను.

ఆవిడ తెనాలిలో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు. ముందు వాటాలో మేం, వెనక వాటాలో ఇంకో కుటుంబం, మధ్యలో రెండు గదుల్లో ఆవిడ ఒక్కతీ ఉండేవాళ్ళం. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. సందులో వాళ్ళు కూడా ఎదురుపడితే పిన్నిగారనే అనేవాళ్ళు. వెనకాల మాత్రం బిరడా పిన్ని అనేవాళ్ళు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఇంట్లో నీళ్ళు పోయే తూము ఎక్కడుంటే అక్కడికి ఆవిడ ఒక బిరడా తయారుచేసి పెట్టుకుంది. పిడికిట్లో పట్టేంత కర్రముక్క, దాని చుట్టూ బిగించి చుట్టిన చీర పేలికలు, పైకి లాగడానికి తోకలా ఒక తాడు. స్నానాలగదికొకటి, వంటింటి తూముకొకటి, దొడ్లో అంట్లు తోముకునే చోటికొకటి. మరుగుదొడ్డికి మాత్రం గుడ్డల్లో చుట్టిన ఇసక మూట. వీటన్నిటినీ ఆవిడ మంచం కింద వరసగా ఆరబెట్టి ఉంచేది. చీరాల ముతక నేత చీర అయితేనే పనికొస్తుందని ఆవిడ సిద్ధాంతం. "అది నీళ్ళు తాగి ఉబ్బుతుందమ్మా, తూముని కరిచి పట్టుకుంటుంది. మీరు కట్టే ఈ జారుడు చీరలు దేనికీ పనికిరావు" అనేది. కట్టుకోవడానిక్కూడా పనికిరావన్నట్టే ఉండేది ఆ మాట.

నాకు కొడుకు పుట్టినప్పుడు మా అమ్మ పొత్తిగుడ్డలకని పాత చీరలు మూటకట్టి తెచ్చింది. పిన్నిగారు బిడ్డని చూడ్డానికి వచ్చి, వాణ్ణి కాసేపు చూసి, మూటని ఇంకాస్త ఎక్కువసేపు చూసింది. "పిల్లాడు బాగున్నాడమ్మా. ఆ నీలం చీర తూముకిస్తావా" అంది. మా అమ్మ వెళ్ళేదాకా ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. చీర మాత్రం ఇచ్చేసింది.

సముద్రం వైపు మబ్బు పట్టిందంటే పిన్నిగారు అరుగు మీదికి వచ్చేది. గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని, గాలి వాసన చూసేది. ఎక్కడో నిజాంపట్నంలో కురిసే వాన ఆవిడకి ఇక్కడ తెలిసిపోయేదని మా ఆయన వేళాకోళం చేసేవాడు. ఆ తర్వాత లోపలికొచ్చి ఇల్లంతా వినబడేలా కేకేసేది. "స్నానాలు కానిచ్చుకోండి, బిరడాలు పెట్టేస్తన్నా."

ఇంక అంతే. ఆవిడ మళ్ళీ తీసేదాకా ఎవరూ నీళ్ళు ఒలకబొయ్యకూడదు. చెయ్యి కడిగినా బకెట్లో కడగాలి. ఒకరోజు నేను పాఠాలు చెప్పే వేమూరు బడికి వెళ్ళడానికి రేపల్లె బండి అందుకోవాలి. తలంటుకుంటూ కుంకుడు నురుగులో ఉండగా తలుపు కొట్టింది.

"ఇంకో రెండు చెంబులు పిన్నిగారూ."

"రెండంటే రెండే. నేనిక్కడే నుంచుంటా."

నిజంగానే తలుపవతల బిరడా పట్టుకుని నుంచుంది. ఆ రోజు నా జుట్టులో కుంకుడు పిప్పి బండిలో జనమంతా చూశారు. సాయంత్రం దాకా చినుకు పడలేదు.

ఆవిడ ఉత్తమురాలని నేను చెప్పబోవడం లేదు. వంటింట్లోకి చెప్పకుండా వచ్చేసేది. తూము జాలీ మీద మెతుకు కనబడితే అది ఎవరి కంచంలోదో పోల్చేది. గంజి ఎక్కడ వంచారు, మాడిన నూనె ఎక్కడ పోశారు అని పోలీసులా అడిగేది. వెనక వాటా ఆయన తల్లికి విరేచనాలు పట్టుకున్న రోజున కూడా, మబ్బేసింది కాబట్టి మరుగుదొడ్డి ముయ్యాల్సిందే అని కూర్చుంది. ఆ ముసలావిణ్ణి రిక్షా ఎక్కించి చుట్టాలింటికి పంపించారు వాళ్ళు. ఆ తర్వాత ఎన్నాళ్ళో ఉండలేదు, ఖాళీ చేసి వెళ్ళిపోయారు. అది దుర్మార్గం అని నేను ఆవిడ మొహం మీదే అన్నాను.

"నీళ్ళకి మొహమాటం ఉండదమ్మా. ఇంట్లో జబ్బు మనిషుందని ఆగుతాయా? దారి దొరికితే వచ్చేస్తాయి" అంది. అన్నది కూడా నావైపు చూసి కాదు, తూము వైపు చూసి.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. గట్టి వాన పడి సైడు కాలవ నిండినప్పుడు, సందులో పాత ఇళ్ళన్నిటిలోకీ గొట్టాల్లోంచి మురుగు తన్నుకొచ్చేది. ముందు తూములో గుడగుడమని చప్పుడు, తర్వాత బొద్దింకలు, ఆ వెనకాల నల్లటి నీళ్ళు. మా ఇంట్లో మాత్రం బిరడాలు ఉబ్బి బిగుసుకుని ఉండేవి. అప్పుడు ఆ వెక్కిరించిన వాళ్ళే పిల్లల్ని చంకనేసుకుని మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాళ్ళు. "మీ ఇల్లు అదృష్టం పిన్నిగారూ" అనేవాళ్ళు. ఆవిడ వాళ్ళకి మంచినీళ్ళిచ్చి లోపలికొచ్చి, "అదృష్టమంట" అని నాతో అని, మళ్ళీ బిరడా తాడు బిగువు చూసుకునేది.

ఎందుకింత పట్టుదల అని ఒకసారి అడిగాను. ఆవిడ రేపల్లెలో మేనమామ ఇంట్లో పెరిగిందట. ఎవరైనా చుట్టాలు వస్తే ముందు ఆవిడ చాపే జరిపేవాళ్ళట. గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి ధాన్యం బస్తాల పక్కకి. "జరుగు, జరుగు అన్న మాట వినీ వినీ పెరిగానమ్మా. పెళ్ళయి ఈ గడప లోపలికి వచ్చాక నన్ను ఎవరూ జరగమన్లేదు. మురుక్కి మాత్రం ఎందుకు జరుగుతాను? నేను ఇక్కడే పోవాలి, నన్ను ఈ నేలమీదే దించాలి" అంది. ఇంకేమీ కోరుకున్నట్టు నాకెప్పుడూ కనబడలేదు.

మా ఊళ్ళో రోడ్డు వెయ్యడమంటే ఉన్న రోడ్డు మీద ఇంకో రోడ్డు పొయ్యడం. పాతది తవ్వి వెయ్యమని ఎవరూ అడగరు. తవ్వితే తవ్వినట్టే వదిలేసి పోతారని భయం. అందుకని కొత్తగా ఇల్లు కట్టేవాడు బేస్‌మెంటు రోడ్డు కంటే బాగా ఎత్తు లేపుకుంటాడు. తర్వాత రోడ్డు లేస్తుంది. దాని తర్వాత కట్టేవాడు ఇంకా లేపుతాడు. లేవలేనివి పాత ఇళ్ళు. పిన్నిగారు కాపురానికి వచ్చినప్పుడు ఆ ఇంట్లోకి మెట్లెక్కి వెళ్ళేవాళ్ళట. మేం చేరేనాటికి రోడ్డూ గడపా ఇంచుమించు సమానంగా ఉండేవి.

అప్పుడు మా సందుకి మళ్ళీ సిమెంటు రోడ్డు వచ్చింది. కంకర దిగింది, ఇసక దిగింది, కలిపే మిషను వచ్చింది. పొద్దున్నే పిన్నిగారు మడత కుర్చీ తెచ్చుకుని సందు మధ్యలో వేసుకుని కూర్చుంది.

"మామ్మగారూ, పక్కకి జరగండి. కలిపిన మాలు గట్టిపడిపోద్దండి" అన్నాడు మేస్త్రీ.

జరగండి అన్న మాట ఆవిడ దగ్గర అనకూడదని పాపం అతనికి తెలీదు.

"పాత రోడ్డు తవ్వి వెయ్యండి. మీ అందరికీ నేను కాఫీలు పెట్టిస్తా."

"తవ్వడం మా పనిలో లేదండి. పైన పొయ్యమన్నారు, పోస్తన్నాం."

"పైన పోస్తే కింద ఉన్నవాళ్ళు ఏంటి చెయ్యాలి?"

మేస్త్రీ వెళ్ళి సందులో పెద్దల్ని పిలుచుకొచ్చాడు. ఒక్కొక్కరే వచ్చారు. మీరు చెప్పింది నిజమే పిన్నిగారూ అని మొదలుపెట్టనివాడు లేడు, "కానీ" అననివాడూ లేడు. వాన వస్తే ఆవిడ అరుగు మీద కూర్చునే వాళ్ళే అందరూ. ఆవిడ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నది నేనొక్కదాన్నే.

చివరికి ఎదురింటాయన వచ్చాడు. ఎరువుల కొట్టు ఆయనది. అప్పటికే మనిషెత్తు బేస్‌మెంటు మీద కొత్త ఇల్లు కట్టుకున్నాడు. వచ్చి ఆవిడ కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అక్కయ్యగారూ, మా అమ్మాయి పెళ్ళి పెట్టుకున్నాం. పందిరి ఈ సందులోనే వెయ్యాలి. ఇప్పుడు తవ్వి వదిలేస్తే ఆ గోతుల్లో మగపెళ్ళివారిని ఎలా దింపుకోను చెప్పండి? రోడ్డు పడనివ్వండి. పెళ్ళవగానే దగ్గరుండి కాలవ లోతు తవ్విస్తాను. మీ ఇంట్లోకి చుక్క రానివ్వను."

"నీ పూచీయేనా?"

"నా పూచీ అక్కయ్యగారూ."

ఆవిడ నావైపు చూసింది. నేను వద్దని తలూపాను, బాగా కనబడేలానే ఊపాను. ఆవిడ కాసేపు చీర చెంగు మడతలు సర్దుకుంది. తర్వాత లేచి, కుర్చీ మడిచి, చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళి గట్టిగానే అడిగాను, ఎందుకు లేచారని.

"ఆడపిల్ల పెళ్ళన్నాడమ్మా. ఎలా కూర్చోను?"

నీళ్ళకి మొహమాటం లేదని తెలిసిన మనిషి, తనకి ఉందన్న సంగతి మర్చిపోయింది. నాకు ఆవిడ మీద వచ్చినంత కోపం ఆ రోజు ఇంకెవరి మీదా రాలేదు.

పెళ్ళి ఘనంగా జరిగింది. మేమూ వెళ్ళి భోంచేశాం. పెళ్ళయ్యాక ఎదురింటాయన కాలవ తవ్వించకపోగా, కారు ఎక్కడానికని కాలవ మీద సిమెంటు ర్యాంపు పోయించాడు. ఆయన్ని చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళని చూసి ఆ పక్కవాళ్ళు. స్కూటరు కూడా లేనివాళ్ళు సైతం ర్యాంపులు పోసుకున్నారు. ఇంక పూడిక తియ్యడానికి పార పెట్టే సందు లేకుండా పోయింది. పిన్నిగారు ఆయన గేటు దగ్గరికి వెళ్ళి పూచీ సంగతి అడిగింది.

"కాలవ మున్సిపాలిటీది కదండీ అక్కయ్యగారూ, నేను తవ్విస్తే కేసవుద్ది" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, కాఫీ తాగి వెళ్ళమని కూడా అన్నాడు.

మెట్లెక్కి వెళ్ళిన ఇంట్లోకి ఇప్పుడు రోడ్డు మీంచి దిగి వెళ్ళాలి. ఆ ఏడు మొదటి పెద్ద వాన పట్టపగలే పడింది. పిన్నిగారు ఎప్పట్లాగే గాలి వాసన చూసింది, కేకేసింది, బిరడాలన్నీ పెట్టింది. ఒక్కటి కూడా వదులు కాలేదు. నీళ్ళు తూముల్లోంచి రాలేదు. కాలవ పొంగి, రోడ్డు మీదికెక్కి, అక్కణ్ణించి తీరిగ్గా గడప దాటి వచ్చాయి. మేం సామాన్లు మంచాల మీదికి ఎత్తిపెట్టి, ఆవిడ గదిలోకి వెళ్ళి చూస్తే, ఆవిడ తన మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. మంచం కింద మురుగు నీళ్ళు తిరుగుతున్నాయి.

"తూములన్నీ మూశానమ్మా. గడపకి బిరడా ఎక్కణ్ణించి తేను?" అంది.

ఆ సందులో ఆ వేళ ఎవరూ మా అరుగు మీదికి రాలేదు. రావడానికి అరుగు కనబడితే కదా.

గడప ముందు ఇటుకల కట్ట కట్టించి చూసింది. బయటి నీళ్ళు లోపలికి రావడం తగ్గింది గానీ, లోపల ఊరిన నీళ్ళు బయటికి పోవడం మానేశాయి. గోడలు ఛాతీ ఎత్తు దాకా చెమ్మగిల్లి సున్నం పెచ్చులూడింది. వెనక వాటాకి ఇంక ఎవరూ రాలేదు. నాకు బాపట్ల బదిలీ అయింది. వెళ్ళేటప్పుడు పిన్నిగారు బొట్టు పెట్టి, "మీ ఇల్లు రోడ్డు కంటే ఎత్తులో ఉందో లేదో చూసుకుని దిగు" అని చెప్పింది.

తర్వాత రెండు వానాకాలాలు ఆవిడ ఒంటరిగా అందులోనే ఉంది. కాళ్ళకి పుళ్ళు పడితే అప్పుడు వాళ్ళ మరిది కొడుకు వచ్చి బాపట్లలో తన ఫ్లాటుకి తీసుకొచ్చాడు. చెడ్డవాడు కాదు. నాకు కబురు కూడా చేశాడు. నేను చూడ్డానికి వెళ్ళేసరికి తలుపు తీస్తూనే ఆ అబ్బాయి భార్య మొదలుపెట్టింది.

"మీరైనా చెప్పండి టీచరుగారూ. మబ్బేస్తే చాలు, బాత్రూములో గుడ్డలు కుక్కేస్తారు. నీళ్ళు పోక హాల్లోకి వచ్చేస్తన్నాయి. ఇది మూడో అంతస్తండీ. ఇక్కడికి మురుగు ఎలా వస్తది?"

తెనాలి నుంచి వస్తూ పిన్నిగారు కట్టుబట్టలతో పాటు తెచ్చుకున్నది ఆ బిరడాలే. మా అమ్మ ఇచ్చిన నీలం చీరది రంగు వెలిసి బూడిదలా ఉంది. ఆవిడ బాల్కనీలో చాప మీద కూర్చుంది. నేను పక్కన కూర్చోగానే నా చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ ఎవరైనా పోతే లోపల ఉంచనివ్వరంటమ్మా. కింద కార్లు పెట్టే చోట కూడా ఒప్పుకోరంట. వాచ్‌మన్ చెప్పాడు. నన్ను మా ఇంటికి తీసుకెళ్ళమని వాడితో నువ్వు చెప్పు. నేను చెప్తే చాదస్తం అంటారు. నా గడప లోపల దించమను."

చెప్పాను. ఆ అబ్బాయి సరేనన్నాడు, ఆ మాట తప్పలేదు కూడా.

ముసురు పట్టిన రోజుల్లోనే పోయింది. ఆస్పత్రి నుంచి వ్యానులో నేరుగా తెనాలి తీసుకెళ్ళారు, నేనూ ఎక్కాను. మేం చేరేసరికి వాన వెలిసి ఎండ కాసింది. ఆ అబ్బాయి కిందికి దిగి తాళం తీశాడు. తలుపు తోస్తే రాలేదు. భుజంతో నెట్టాడు. లోపల మోకాళ్ళ దాకా నల్లటి నీళ్ళు, గోడల నిండా బొద్దింకలు. ఆవిడ మంచం ఒక పక్కకి ఒరిగి తేలుతోంది. మూత పెట్టేవాళ్ళు లేక తూములన్నీ తెరిచే ఉన్నాయి.

"ఇందులో ఎలా దించుతామండీ" అన్నాడు. ఏడుపు గొంతుతోనే అన్నాడు.

ఎవరూ పైకి అనలేదు గానీ అందరి చూపులూ ఎదురింటి మీదికి వెళ్ళాయి. పెద్ద పోర్టికో, నున్నటి రాళ్ళు, తడి లేదు. ఎదురింటాయన గేటు దగ్గరే నుంచుని ఉన్నాడు. మేం అడక్కముందే చెప్పేశాడు. "మా అమ్మాయి కడుపుతో పుట్టింటికి వచ్చి ఉందండి. ఇంట్లో ఆడవాళ్ళు ఒప్పుకోరు. ఏమనుకోకండి." ఏ అమ్మాయి పెళ్ళికని పిన్నిగారు కుర్చీ మడిచి లేచిందో ఆ అమ్మాయే. మాకు కుర్చీలు పంపించాడు. షామియానా కుర్రాళ్ళకి ఆయనే ఫోన్ చేశాడు.

రోడ్డు మీద దించారు. ఆవిడ గడపకి ఎదురుగా, సరిగ్గా మడత కుర్చీ వేసుకుని కూర్చున్న చోట, చాప పరిచి దించారు. ఎండకి సిమెంటు అప్పుడే ఆరిపోయింది. ఎదురింటాయన వచ్చి పూలదండ వేసి, చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ చూశాడు.

"రోడ్డు ఎత్తు చేయించుకోబట్టి సరిపోయింది. లేకపోతే పాపం, ఈ మాత్రం పొడినేల కూడా దొరికేది కాదు" అన్నాడు.

"ఈ రోడ్డు లేకపోతే ఆవిడ ఇంట్లో ఉండేదండీ" అన్నాను.

ఆయన విన్నాడు. విని, నీళ్ళు తెప్పించండి, ఆలస్యం అవుతోంది అన్నాడు పక్కవాళ్ళతో.

సందులో ఆడవాళ్ళం చీరలు అడ్డం పట్టుకుని, నడిరోడ్డు మీద ఆవిడకి స్నానం చేయించాం. కొళాయి నీళ్ళు ఎదురింట్లోంచే వచ్చాయి. నేనే పోశాను. రెండంటే రెండే చెంబులు అని తలుపవతల నుంచున్న మనిషికి బిందెల కొద్దీ పోశాను. ఆ నీళ్ళు పసుపు రంగుతో సిమెంటు మీద కాస్త దూరం పారి, పల్లం వెతుక్కుని, ఆవిడ గడప వైపు తిరిగాయి. ఇటుకల కట్ట ఎప్పుడో కూలిపోయింది.

"అయ్యో, నీళ్ళు ఇంట్లోకి పోతన్నాయి. ఎవరన్నా గుడ్డ అడ్డం పెట్టండి" అంది ఆ అబ్బాయి భార్య. సందులో ఒకావిడ నిజంగానే పాత చీర ఒకటి మడతపెట్టుకుని వచ్చింది.

నేను ఆ చీర తెచ్చినావిడ చెయ్యి పట్టుకుని ఆపాను.

"వద్దు. పోనివ్వండి" అన్నాను.